బర్డ్స్ రీఇష్యూలు, బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ బాక్స్ సెట్: తేడా నా చెవుల్లో ఉందా, టేపుల్లో ఉందా?

సైడ్ బి:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసుకునేవి చదువుకుంటూ పోవడమే కానీ నేను రాయడం ఇదే మొదలు. ప్రశ్న కాస్త పొడుగు. ఓపిక పట్టండి.

అరవైల నాటి అమెరికన్ ఫోక్ రాక్ అంటే నాకు మొదట్నుంచీ బర్డ్సే. మిస్టర్ టాంబరీన్ మ్యాన్‌లో ఆ పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్ విన్న రోజు పడ్డాను, ఇంతవరకూ లేవలేదు. వాళ్ల మొదటి ఆరు ఆల్బమ్‌లూ కొలంబియా లెగసీ వాళ్లు 1996, 97లలో వేసిన సీడీలు నా దగ్గరున్నాయి. ఏ బోనస్ ట్రాక్ తర్వాత ఏది వస్తుందో నిద్రలో అడిగినా చెప్తాను.

బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ మాత్రం నాకు దూరపు చుట్టం. ఫర్ వాట్ ఇట్స్ వర్త్ తెలుసు, మిస్టర్ సోల్ తెలుసు, అంతే. స్టీఫెన్ స్టిల్స్, నీల్ యంగ్ ఆ తర్వాత చేసినవి చాలానే విన్నాను. వాళ్లిద్దరూ కలిసి మొదలుపెట్టిన చోటికి మాత్రం ఎందుకో వెళ్లలేదు. ఈ మధ్య ఆఫీసులో ఒకాయన ఇల్లు మారుతూ, 2001లో రైనో వేసిన నాలుగు సీడీల బాక్స్ సెట్ నా చేతిలో పెట్టి "విని చెప్పు, తర్వాత తిరిగిచ్చెయ్" అన్నాడు.

రెండు వారాలుగా అదే పని. విన్నకొద్దీ కంగారు పెరుగుతోంది కానీ తగ్గట్లేదు.

మొదటి డిస్క్ పెట్టగానే బ్యాండ్ వస్తుందనుకున్నా. రాలేదు. ఒక మనిషి, ఒక గిటారు. తర్వాత ఇంకో మనిషి, ఇంకో గిటారు. అన్నీ డెమోలు, అంటే ఆల్బమ్‌కి ముందు నమూనాగా చేసుకున్న రికార్డింగులు. కొన్ని బాగున్నాయి, కొన్ని సగంలో వదిలేసినట్టున్నాయి. ఆ తర్వాత అసలు పాటలొచ్చాయి, హమ్మయ్య అనుకున్నా. తీరా నాలుగో డిస్క్‌కి వచ్చేసరికి మొదటి రెండు ఆల్బమ్‌లు మళ్లీ మొదట్నుంచీ పెట్టారు. అంటే ముందు డిస్కుల్లో విన్న పాటలే చాలావరకు రెండోసారి. మొత్తం 88 ట్రాకులని అట్ట మీద చూసి సంబరపడ్డవాణ్ణి, ఇదేం లెక్కో అర్థం కాలేదు.

ఇక అసలు టెన్షన్ సౌండ్ గురించి. నా బర్డ్స్ సీడీలు పెడితే గది తలుపులన్నీ తెరిచినట్టుంటుంది. వెడల్పుగా, తళతళలాడుతూ. స్ప్రింగ్‌ఫీల్డ్ 1966 నాటి పాటలు పెడితే అందరూ ఒక్క మూలకి జరిగి వాయిస్తున్నట్టుంది. రెండు బ్యాండ్లూ లాస్ ఏంజిలిస్‌లోనే, మధ్యలో ఒక్క ఏడాది తేడాతో రికార్డ్ చేశాయి కదా. మరి ఇంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? నా హెడ్‌ఫోన్స్ లోపమా? లేక బర్డ్స్‌ని మంచిగా రికార్డ్ చేశారు, వీళ్లని చేయలేదు, అంతేనా?

ఎవరు గొప్ప అని అడగట్లేదు. సరే, కొంచెం అడుగుతున్నాను.

——

పన్నెండు తీగలు:

ఇందులో అడగడానికేముంది బ్రో. బర్డ్స్‌వి పన్నెండు ఆల్బమ్‌లు, స్ప్రింగ్‌ఫీల్డ్‌వి మూడు. స్ప్రింగ్‌ఫీల్డ్ 1966 ఏప్రిల్‌లో మొదలైంది, 1968 మే 5న లాంగ్ బీచ్‌లో చివరి కచేరీ చేసి ఇంటికెళ్లిపోయింది. రెండేళ్ల కాపురం. అసలు వాళ్లకి మొదటి చోటు చూపించిందే మావాళ్లు. బర్డ్స్ కచేరీల ముందు వాయించడానికి పిలిచారు. తర్వాత మా బేస్ వాయించే క్రిస్ హిల్‌మన్ వెళ్లి సన్‌సెట్ స్ట్రిప్‌లోని విస్కీ ఎ గోగో క్లబ్ వాళ్లతో మాట్లాడితేనే అక్కడ వారాల తరబడి వాయించే అవకాశం దొరికింది.

సౌండ్ సంగతంటారా, బర్డ్స్ సౌండ్ బర్డ్స్‌దే. గిటారుకి కంప్రెసర్ వేసి, తీగ మీటగానే స్వరం చచ్చిపోకుండా అలా నిలబడేట్టు చేశారు. మా గిటారిస్టు రోజర్ మెగ్విన్ దాని మీదే రాజ్యమేలాడు. దానికి సాటి లేదు. ప్రశ్న అయిపోయింది, లైట్లార్పేయండి.

——

మోనో మావయ్య:

లైట్లు అప్పుడే ఆర్పకండి. నేనింకా చెప్పులు కూడా విప్పలేదు.

సైడ్ బి గారూ, మీ హెడ్‌ఫోన్స్‌ని ఏమీ అనకండి, వాటి తప్పేం లేదు. మీరు పక్కపక్కన పెట్టినవి ఒక జాతి వస్తువులు కావు, చిక్కంతా అక్కడే ఉంది. రీఇష్యూ అనే ఒక్క మాటలో మనం రకరకాల పనులు కలిపేస్తుంటాం. ఆ రోజుల్లో తయారుచేసిన మిక్స్ టేపునే తీసి, శుభ్రం చేసి సీడీకి ఎక్కిస్తే అది రీమాస్టర్. అలా కాకుండా ఇంకొక మెట్టు వెనక్కి దిగి, గొంతులూ వాయిద్యాలూ విడివిడిగా ఉన్న మల్టీట్రాక్ టేపు తీసి, ఏది ఎంత వినపడాలో ఎవరు ఏ పక్కన ఉండాలో మళ్లీ నిర్ణయిస్తే అది రీమిక్స్. మొదటిది పాత ఫొటోని తుడవడం. రెండోది అందులో మనుషుల్ని లేపి మళ్లీ కూర్చోబెట్టడం.

మీ 1996 బర్డ్స్ సీడీల్లో ఈ రెండో పని కొంత జరిగింది. ఆ రీఇష్యూలు చూసుకున్నది బాబ్ ఇర్విన్. మొదటి నాలుగు ఆల్బమ్‌లూ విపరీతంగా అమ్ముడుపోయాయి కాబట్టి మాస్టర్ టేపుల్ని వాడి వాడి అరగదీశారు. చేతికొచ్చేవి కాపీకి కాపీలు. అందుకని కొన్ని పాటల్ని మల్టీట్రాక్ నుంచి కొత్తగా మిక్స్ చేశారు. అంటే మీరు మెచ్చుకుంటున్న ఆ వెడల్పులో కొంత 1965ది కాదు, 1996ది. బాగోలేదని అనట్లేదు, నేనూ వింటాను. కానీ 1965లో ఒక కుర్రాడు కారు రేడియోలో విన్నది అది కాదు. వాడు విన్నది మోనో. అన్నీ మధ్యలోనే, ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ. సందేహముంటే బాబ్ ఇర్విన్‌కే చెందిన సన్‌డేజ్డ్ కంపెనీ తర్వాత వేసిన మోనో ఎల్పీలు వినండి. అదే మనిషి ఇంకో చేత్తో చేసిన పని.

పన్నెండు తీగలు గారూ, మీరు కంప్రెసర్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దాంతోపాటు ఇంకో నిజం కూడా చెప్పాల్సింది. 1965 జనవరిలో టాంబరీన్ మ్యాన్ రికార్డ్ చేసినప్పుడు ఆ బ్యాండులో వాయించింది మెగ్విన్ ఒక్కడే. డ్రమ్స్ హాల్ బ్లేన్, బేస్ లారీ నెక్టెల్, పియానో లియోన్ రసెల్. అందరూ స్టూడియోలో జీతానికి వాయించే ఉద్దండులు. బ్యాండులోని జీన్ క్లార్క్, డేవిడ్ క్రాస్బీ గొంతులు మాత్రం కలిపారు. హిల్‌మన్, డ్రమ్మర్ మైకేల్ క్లార్క్ ఆ పాటలో అసలు లేరు. అంటే లోకం మొదటిసారి విన్న బర్డ్స్‌లో బర్డ్స్ ముగ్గురే.

ఇప్పుడు ఇటు రండి. స్ప్రింగ్‌ఫీల్డ్ మొదటి ఆల్బమ్ 1966లో గోల్డ్ స్టార్ స్టూడియోలో చేశారు. ప్రొడ్యూసర్లుగా పేరు వేసుకున్నది వాళ్ల మేనేజర్లు చార్లీ గ్రీన్, బ్రయన్ స్టోన్. కుర్రాళ్లు కూర్చుని దగ్గరుండి చేయించుకున్నది మోనో మిక్స్. స్టీరియో మిక్స్ వాళ్ల ప్రమేయం లేకుండా తర్వాత తయారైపోయింది. నీల్ యంగ్ ఆ కడుపుమంట దశాబ్దాలు మోశాడు. 1997లో ఆ ఆల్బమ్ సీడీని మళ్లీ వేసినప్పుడు ఒకే డిస్క్‌లో ముందు మోనో, వెనక స్టీరియో పెట్టారంటే కారణం అదే.

ఆ డిస్క్‌లో ఇంకో తమాషా ఉంది. మోనో భాగంలో బేబీ డోంట్ స్కోల్డ్ మీ అనే పాట ఉంటుంది. స్టీరియో భాగంలో దాని బదులు ఫర్ వాట్ ఇట్స్ వర్త్ ఉంటుంది. ఎందుకంటే ఆల్బమ్ పనంతా అయిపోయాక, 1966 నవంబర్‌లో సన్‌సెట్ స్ట్రిప్ మీద కుర్రకారుకి రాత్రిపూట కర్ఫ్యూ పెట్టడం, వాళ్లు రోడ్డెక్కడం, పోలీసులు దిగడం జరిగింది. స్టిల్స్ పాట కట్టాడు. డిసెంబర్ 5న రికార్డ్ చేశారు. అది బిల్‌బోర్డ్ చార్టులో 7వ స్థానం దాకా వెళ్లేసరికి కంపెనీవాళ్లు 1967లో ఆల్బమ్‌ని మళ్లీ అచ్చువేసి, పాత పాటని తీసేసి దీన్ని ఎక్కించారు. పాపం బేబీ డోంట్ స్కోల్డ్ మీ. బస్సు ఎక్కి సీట్లో కూర్చున్నాక టికెట్టు లేదని దించేసినట్టయింది దాని పని.

నా సొంత గోల ఒకటి చెప్పనివ్వండి. మా అన్నయ్య దగ్గర ఆ ఆల్బమ్ స్టీరియో ఎల్పీ నుంచి ఎక్కించిన క్యాసెట్ ఉండేది. నేను ఏళ్ల తరబడి దాన్ని విని, ఈ బ్యాండ్ ఉత్త డొల్ల, స్టిల్స్ తర్వాత నేర్చుకున్నాడు కాబోలు అని తీర్పిచ్చేసి కూర్చున్నా. చాలా తర్వాత ఎవరో మోనో ఎల్పీ వేరుగా ఉంటుందంటే, ఎంతో వెతికి ఒక అమ్మకందారు దగ్గర తెప్పించుకున్నాను. విన్నా. అదే డొల్ల. చిరాకేసి ఆంప్లిఫయర్ మీద బ్యాలెన్స్ మీటని పూర్తిగా ఎడమకి తిప్పాను. సగం వాయిద్యాలు మాయం! మోనో అయితే ఎటు తిప్పినా అన్నీ వినపడాలి కదా. మోనో అట్టలో స్టీరియో రికార్డు పెట్టి పంపాడు మహానుభావుడు. అసలైన మోనో చేతికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. వచ్చాక బర్న్‌డ్ పాట పెట్టాను. రెండు నిమిషాల పాట. అయిపోయాక లేచి సూది మళ్లీ మొదట్లో పెట్టాను. అలా నాలుగుసార్లు. మా అన్నయ్యకి ఫోన్ చేసి ఇన్నేళ్లూ మనం విన్నది ఆ ఆల్బమ్ నీడని అని చెప్తే, ఇంత రాత్రప్పుడు ఇదా విశేషం అని పెట్టేశాడు.

కాబట్టి మీ సౌండ్ ప్రశ్నకి నా జవాబు: అందరూ ఒక మూలకి జరిగారని మీకనిపించిన ఆ ఇరుకే వాళ్లు కావాలని చేసుకున్నది. కొంచెం సౌండ్ పెంచి, హెడ్‌ఫోన్స్ పక్కనపెట్టి, స్పీకర్లలో వినండి.

ఇక డెమోల సంగతి. బ్యాండ్ ఎక్కడ అని అడిగారు చూశారా, ఆ బాక్స్ సెట్ మీద ఇంతకన్నా మంచి విమర్శ నేను చదవలేదు. కానీ దానికి జోడీగా మీరు పెట్టుకోవాల్సింది బర్డ్స్ ఆల్బమ్‌లు కావు, ప్రీఫ్లైట్ సెషన్స్. 1964లో బర్డ్స్‌కి ఇంకా కొలంబియా గడప తెలియని రోజుల్లో వాళ్ల మేనేజర్ జిమ్ డిక్సన్ వాళ్లని వరల్డ్ పసిఫిక్ స్టూడియోకి తీసుకెళ్లి, రాత్రిళ్లు ఖాళీగా ఉన్నప్పుడు రికార్డ్ చేసేవాడు. చేసి వాళ్లకే వినిపించేవాడు. తప్పులన్నీ వాళ్ల చెవులతో వాళ్లే వినాలి మరి. ఆ టేపుల్లోంచి కొన్ని 1969లో ప్రీఫ్లైట్ పేరుతో వచ్చాయి. 2001లో, అంటే మీ బాక్స్ వచ్చిన సంవత్సరమే, సన్‌డేజ్డ్ వాళ్లు రెండు సీడీలుగా వేశారు. అందులో టాంబరీన్ మ్యాన్ వింటే నవ్వొస్తుంది. డ్రమ్స్ సిపాయిల కవాతులా టకటకమంటుంటాయి. పాట ఇంకా నేల మీదే నడుస్తోంది. కానీ గొంతులు చూడండి. ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. క్రాస్బీ పైగొంతు ఎక్కడ దూరాలా అని తడుముకుంటున్నాడు. రోజురోజుకీ ముగ్గురు ఒక్కరవుతున్న చప్పుడది.

ఇప్పుడు మీ బాక్స్ మొదటి డిస్క్. ఎవరి కుర్చీ వాళ్లది. ఫ్లయింగ్ ఆన్ ద గ్రౌండ్ ఈజ్ రాంగ్ డెమోలో నీల్ యంగ్ తనే పాడుకుంటున్నాడు. అదే పాట ఆల్బమ్‌లోకొచ్చేసరికి బ్యాండులోని మూడో పాటగాడు రిచీ ఫ్యూరే పాడాడు. ఆ ఆల్బమ్‌లో యంగ్ రాసినవి అయిదు పాటలు. అందులో మూడు ఫ్యూరే గొంతుకి పోయాయి, తనకి మిగిలినవి రెండు. తన పాట పక్కవాడు పాడుతుంటే గిటారు పట్టుకుని నిలబడ్డ మనిషి ఎన్నాళ్లుంటాడు? రెండో ఆల్బమ్‌కల్లా ఎక్స్‌పెక్టింగ్ టు ఫ్లై లాంటి పాటని అరేంజర్ జాక్ నీచీతో కలిసి దాదాపు ఒంటరిగా చేసుకున్నాడు. మూడో ఆల్బమ్ నాటికి బ్యాండే లేదు, మిగిలిన టేపులన్నీ పోగేసి బ్యాండులో చివర్లో చేరిన జిమ్ మెసీనా ఒక రూపానికి తెచ్చాడు.

బర్డ్స్ డెమోల్లో బ్యాండ్ పుడుతుంటుంది, స్ప్రింగ్‌ఫీల్డ్ డెమోల్లో ముగ్గురు పాటగాళ్లు విడిపోవడానికి ముందే సర్దుకుంటుంటారు. నాకు అలా వినపడుతుంది. రెండోది తక్కువని అనట్లేదు సుమా. నిజానికి నాకు రెండోదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే మొదటి క్షణం నుంచీ ఎవరి పాట వాళ్లదిగా తెలిసిపోతుంటుంది.

కొనుక్కోవాలనుకుంటే 2018లో వచ్చిన వాట్స్ దట్ సౌండ్ చూడండి. మొదటి రెండు ఆల్బమ్‌లూ మోనోలోనూ స్టీరియోలోనూ ఉన్నాయి. మూడోది స్టీరియోలోనే, 1968కల్లా మోనో వేయడం మానేస్తున్నారు కాబట్టి. అయిదు డిస్కులు, పాత అనలాగ్ టేపుల నుంచి రీమాస్టర్ చేసినవి. డెమోలు ఒక్కటి కూడా లేవు. అందుకే ఆ ఆఫీసాయనకి బాక్స్ అప్పుడే తిరిగివ్వకండి.

——

రాత్రి డ్యూటీ:

మావయ్య గారితో మొదటి ఆల్బమ్ వరకూ ఒప్పుకుంటా. రెండోదానికి కూడా మోనోనే శరణం అంటే మాత్రం నేను రాను. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ అగైన్ చివరి పాట బ్రోకెన్ ఏరో తీసుకోండి. జనం కేకలతో మొదలై, వాళ్ల డ్రమ్మర్ డ్యూయీ మార్టిన్ గొంతులో మిస్టర్ సోల్ ముక్క వినపడి, ఎక్కడెక్కడో తిరిగి, ఆఖర్న క్లారినెట్ జాజ్‌లోకి వెళ్లి, గుండె చప్పుడుతో ఆగుతుంది. అది గదులు మారే పాట. మోనోలో వింటే ఇల్లంతా ఒకే గది అయిపోయింది నాకు. మీ రూలు మొదటి ఆల్బమ్‌కి పుట్టిన రూలు, దాన్ని అన్నిటికీ తగిలించకండి.

బాక్స్ మీద నా ఫిర్యాదు వేరే. బ్లూబర్డ్ పాట 1973 నాటి డబుల్ ఎల్పీ సంకలనంలో తొమ్మిది నిమిషాలుంటుంది. గిటార్లు ఒకదాని మీదొకటి దూకుతూనే ఉంటాయి. 88 ట్రాకులు పెట్టి, అందులో బోలెడు రెండేసిసార్లు పెట్టి, ఆ తొమ్మిది నిమిషాలకి మాత్రం చోటు లేదన్నారు. దీనికి నేను జన్మలో క్షమించను.

బర్డ్స్ రీఇష్యూల్లో నన్ను నిజంగా పడేసింది పాట కాదు, తగాదా. సైడ్ బి గారూ, మీ నొటోరియస్ బర్డ్ బ్రదర్స్ సీడీ 1997దే కదా. చివరి బోనస్ ట్రాక్ అయ్యాక ఆపేయకుండా అలా వదిలేయండి. చాలాసేపు ఏమీ రాదు. నేను ఒకసారి రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చి ఆ సీడీ పెట్టుకుని అలాగే నిద్రపోయాను. ఉన్నట్టుండి గదిలో మగాళ్లు కొట్లాడుకుంటున్నారు! గుండె జారిపోయింది. లైటేసి చూస్తే ఎవరూ లేరు. సీడీలోంచే. డాల్ఫిన్స్ స్మైల్ రికార్డింగ్‌లో డ్రమ్స్ సరిగ్గా పడట్లేదని మైకేల్ క్లార్క్ మీద క్రాస్బీ ఎగరడం, అతను తిరగబడటం, అంతా టేపులో ఉంది. దాన్ని దాచిపెట్టిన ట్రాకుగా డిస్క్ చివర్న వదిలారు.

ఆ ఆల్బమ్ పూర్తికాకముందే, 1967 అక్టోబర్‌లో, క్రాస్బీని బ్యాండ్ నుంచి పంపించేశారు. అట్ట మీద ముగ్గురు మనుషులు, నాలుగో కిటికీలో గుర్రం. ఆ గుర్రం నేనే అని క్రాస్బీకి అనుమానం. మెగ్విన్ కాదంటాడు. నేను మాత్రం క్రాస్బీ పక్షం.

ఇంకో మాట. పంపించేయడానికి ఒక కారణం స్ప్రింగ్‌ఫీల్డే. అదే ఏడాది జూన్‌లో మాంటెరీ పాప్ ఫెస్టివల్ నాటికి నీల్ యంగ్ బ్యాండ్ వదిలేసి పోయాడు. ఆ ఖాళీలో స్ప్రింగ్‌ఫీల్డ్‌తో కలిసి స్టేజీ ఎక్కింది క్రాస్బీ. ఇంటిమనిషి వెళ్లి పోటీవాళ్ల పక్కన నిలబడితే బర్డ్స్‌కి ఒళ్లు మండదా? కాబట్టి ఈ రెండు బ్యాండ్లనీ అటూ ఇటూ నిలబెట్టి పోల్చడం కొంచెం అన్నదమ్ముల ఆస్తి తగాదా లాంటిది. మధ్యగోడ ఎక్కడుందో వాళ్లకే తెలీదు.

——

పన్నెండు తీగలు:

సరే, టాంబరీన్ మ్యాన్‌లో ముగ్గురే అన్నందుకు మావయ్య గారి మీద కాస్త కోపంగానే ఉంది. టర్న్ టర్న్ టర్న్ వాయించింది బ్యాండే అని ఎక్కడా అనలేదేం?

రీమిక్స్ గురించి కూడా మరీ అంత కఠినంగా ఉండకండి. అసలు నేరం చూడాలంటే 1987లో వచ్చిన నెవర్ బిఫోర్ సంకలనం వినండి. లేడీ ఫ్రెండ్ పాటకి ఎనభైల నాటి డ్రమ్స్ కొత్తగా తగిలించారు. 1967 నాటి గొంతుల కింద 1987 నాటి ధనాధన్. దానితో పోలిస్తే 1996 వాళ్లు దేవుళ్లు. అసలు డ్రమ్స్‌తో ఆ పాటని యంగర్ దాన్ యెస్టర్‌డే సీడీలో బోనస్‌గా పెట్టారు.

అసలు బోనస్ ట్రాకులే లేకపోతే మనకి ఎయిట్ మైల్స్ హై కథ సగమే తెలిసేది. దాన్ని మొదట 1965 డిసెంబర్‌లో ఆర్‌సీఏ స్టూడియోలో రికార్డ్ చేశారు. మా స్టూడియోలో చేయనిది మేం వేయం అని కొలంబియా పట్టుబట్టింది. 1966 జనవరిలో మళ్లీ చేయాల్సొచ్చింది. మనం విన్న హిట్ ఆ రెండోది. మొదటిది ఫిఫ్త్ డైమెన్షన్ సీడీ చివర్న ఉంటుంది. జాజ్ వాద్యకారుడు కోల్ట్రేన్ సాక్సఫోన్‌ని గిటారు మీద పలికించాలన్న మెగ్విన్ తపన రెంటిలోనూ ఉంది కానీ మొదటిదాంట్లో ఇంకా మొరటుగా, అదుపు తప్పబోతున్నట్టు ఉంటుంది. నాకు అదే ఎక్కువ ఇష్టం. క్రాస్బీకీ అంతేనట. రాత్రి డ్యూటీ గారూ, ఈ ఒక్క విషయంలో నేనూ మీ పార్టీనే.

——

సైడ్ బి:

ఇన్ని జవాబులొస్తాయని అనుకోలేదు. మూడు రోజులు ఆగి, విని, రాస్తున్నాను.

ముందు గుర్రం సీడీ. చివర్న అలా వదిలేసి వంటింట్లోకి వెళ్లాను. అరుపులు మొదలయ్యేసరికి మా ఆవిడ "ఎవరొచ్చారు?" అంది. ఎవరూ కాదు, డేవిడ్ క్రాస్బీ అన్నాను. ఈ సీడీ నా దగ్గర ఇన్నేళ్లుగా ఉంది. ఒక్కసారి కూడా అంతసేపు ఆగలేదన్నమాట. నిద్రలో అడిగినా చెప్తానని గొప్పలు పోయినందుకు సిగ్గుగా ఉంది.

తర్వాత మోనో, స్టీరియో పరీక్ష. 1997 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ సీడీ ఒక మిత్రుడి దగ్గర దొరికింది. మావయ్య గారు చెప్పినట్టు హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకర్లలో విన్నాను. బర్న్‌డ్ బాగుంది కానీ నన్ను పట్టుకున్నది అది కాదు, గో అండ్ సే గుడ్‌బై. స్టీరియోలో అది తీరిగ్గా నడిచే పాట. మోనోలో ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టుంది. నోట్లు అవే, వేగం అదే, మరి ఆ తొందర ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. రెండోసారి కళ్లు మూసుకుని విన్నా అంతే. సౌండ్ విషయంలో నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా.

బ్రోకెన్ ఏరో మాత్రం స్టీరియోలోనే నచ్చింది. క్షమించాలి మావయ్య గారూ.

డెమోల విషయంలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ప్రీఫ్లైట్ ఇంకా దొరకలేదు. కానీ ఫ్లయింగ్ ఆన్ ద గ్రౌండ్ డెమో, ఆల్బమ్ పాట వెంటవెంటనే విన్నాను. ఫ్యూరే ఎంత హాయిగా పాడాడో! ఎక్కడా తడబాటు లేదు. నీల్ యంగ్ డెమోలో గొంతు వణుకుతోంది, పై స్వరం అందుకోవడానికి ఆయాసపడుతున్నాడు. ఏ మేనేజరైనా ఫ్యూరేకే ఇస్తాడు ఆ పాటని. నేనైనా ఇచ్చేవాణ్ణి. మళ్లీ నిన్న రాత్రి పడుకోబోయే ముందు దేన్ని పెట్టుకున్నానో చూసుకుంటే, డెమోనే.

ఒక చిన్న సమస్య. ఆఫీసాయన ఇవాళ కనపడి బాక్స్ వినడం అయిపోయిందా అని అడిగాడు. ఇంకో వారం అన్నాను.

——

మోనో మావయ్య:

వారం కాదు, నెల అనాల్సింది. మూడో డిస్క్‌లో డెమోలు ఇంకా ఉన్నాయి. రౌండ్ అండ్ రౌండ్ అండ్ రౌండ్ వినకుండా ఇచ్చేయకండి. 1969లో యంగ్ సొంత ఆల్బమ్‌లోకి వెళ్లిన పాట, ఇక్కడ ఇంకా పొత్తిళ్లలో ఉంది.

బ్రోకెన్ ఏరో స్టీరియో సంగతి చూడలేదనుకుంటాను. పన్నెండు తీగలు గారూ, టర్న్ టర్న్ టర్న్ వాయించింది బర్డ్సే. రాసిచ్చాను, దాచుకోండి.